భుజం మార్పు

ఒకే బరువును పలువురు మోయడంలో రెండు పద్ధతులున్నాయి. పల్లకిని బోయీలు మోసినట్టు అందరూ ఒకేసారి భుజం పెట్టడం ఒకటి. ఒకరు దించాక మరొకరు ఎత్తుకోవడం రెండోది. మొదటి పద్ధతిలో ఎవరి మీద ఎంత బరువు పడుతోందో బయటివాళ్లకు తెలియదు. బోయీలలో పొడుగువాడికి ఎక్కువ పడుతుందని మోసేవాళ్లకు మాత్రమే తెలుసు. రెండో పద్ధతిలో లెక్క తేలిక. వంతు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో అందరికీ కనిపిస్తుంది. తగవులు ఎక్కువగా వచ్చేదీ ఇక్కడే. వంతు ఎవరికి ఎన్నిసార్లు రావాలి? పని పూర్తయ్యాక దాన్ని చేసినవాడు ఎవరు? దాని ఫలం ఎవరికి చెందుతుంది? మొదటి ప్రశ్నను పెద్దమనుషులు తేల్చగలరు. మిగిలిన రెండింటి మీద మన శాస్త్రకారులు రెండు వేల ఏళ్లకు పైగా తర్కించారు.

వంతుల మోతకు ఆటల్లో కొట్టొచ్చినట్టు కనిపించే ఉదాహరణ అమెరికన్ ఫుట్‌బాల్. పేరులో కాలు ఉన్నా పని చేతికే ఎక్కువ. బంతిని చంకలో ఇరికించుకుని ఎదుటి జట్టులోకి చొచ్చుకుపోయేవాణ్ని రన్నింగ్ బ్యాక్ అంటారు. వెళ్లిన ప్రతిసారీ బరువైన మనుషులు మీద పడతారు. ఒక్కణ్నే పదేపదే పంపితే వాడి మోకాళ్లు నాలుగేళ్లు నిలవవు. కనుక చాలా జట్లు ఆ మోతను ఇద్దరికో ముగ్గురికో పంచుతాయి. 1972లో మయామీ డాల్ఫిన్స్ జట్టు దాన్ని లారీ జాంకా, మెర్క్యురీ మోరిస్, జిమ్ కీక్‌ల మధ్య పంచి, ఆ ఏడాది ఆడిన 17 ఆటలూ గెలిచింది. బంతితో ముందుకు సాగిన దూరం లెక్కలో జాంకా 1,117 గజాలు సాధించాడు. మోరిస్ లెక్క మొదట 991 దగ్గర ఆగింది. తర్వాత లీగ్ ఒక ఆటను మళ్లీ పరిశీలించి, అతని ఖాతాలో పొరపాటున కోసేసిన 9 గజాలను తిరిగి కలిపింది. ఒకే ఏడాది ఒకే జట్టులో ఇద్దరు వెయ్యి గజాలు అందుకోవడం అదే తొలిసారి అయింది. ఆ 9 గజాలు కలిసినా కలవకపోయినా జట్టు గెలుపులో తేడా లేదు. అయినా లెక్క సరిచేయవలసి వచ్చింది. గెలుపు అందరిదైనా గజాలు మాత్రం ఎవరివి వాళ్లవే.

కబడ్డీలో కూతకు వెళ్లేవాడి సంగతీ ఇంతే. ముప్పై సెకన్ల పాటు ఏడుగురి మధ్యకు ఒక్కడే వెళ్లి రావాలి. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైన నాటి నుంచి ఆరు సీజన్లు తెలుగు టైటాన్స్ ఆ మోతలో పెద్ద పాలు రాహుల్ చౌదరి భుజం మీదే పెట్టింది. ఒక్కడి మీద ఆధారపడ్డ జట్టులో వాడు అవుటై బయట కూర్చున్న నిమిషాలే అసలు పరీక్ష. అయితే ఆటలో వంతు పోతే పోయేది కొన్ని పాయింట్లు. కడుపుకూటికి వంతులేసుకున్న చోట ఇదే ప్రశ్న ఇంకా బరువుగా ఉంటుంది. దాన్ని చూడటానికి సూరత్ కంటే మంచి ఊరు దొరకదు.

తాపీ నది ఒడ్డున ఉన్న ఈ నగరంలో లక్షల మరమగ్గాలు నడుస్తాయి. తెలంగాణ నేతపనివాళ్లు వాటిని సాంచెలంటారు. నేసేది ఎక్కువగా సింథటిక్ గుడ్డ. నేసేవాళ్లలో ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చినవాళ్లున్నారు, ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్రల వాళ్లున్నారు, తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన పద్మశాలీలున్నారు. లింబాయత్ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోందంటే ఆ కుటుంబాల సంఖ్య చిన్నది కాదు. భావనాఋషిని, మార్కండేయుణ్ని మూలపురుషులుగా చెప్పుకునే పద్మశాలీలకు నేత కేవలం వృత్తి కాదు. దేవతలకు తామరతూళ్ల నుంచి నూలు తీసి వస్త్రం నేసిచ్చాం అన్న కథ వాళ్ల గుర్తింపులో భాగం. అలాంటివాళ్లు సూరత్‌లో తమది కాని మగ్గం మీద, సగం రోజుకు మాత్రమే, కూలికి నేస్తారు.

సగం రోజు అన్నది అక్షరాలా నిజం. మగ్గం ఆగితే శేఠ్‌కు నష్టం. అందుకని పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా ఒకడు, రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా మరొకడు నడుపుతారు. దీన్ని పాళీ అంటారు. ఒంటరిగా వచ్చిన కార్మికులుండే మెస్ గదుల్లో పడకకూ ఇదే పద్ధతి. పగటివాడు లేచి పనికి వెళ్లగానే రాత్రివాడు వచ్చి అదే చోట పడుకుంటాడు. వాళ్లిద్దరూ ఏళ్ల తరబడి ఒకే మగ్గాన్ని, ఒకే చాపను పంచుకుని, ఒకరితో ఒకరు తీరుబడిగా మాట్లాడింది మాత్రం సెలవురోజుల్లోనే అయ్యుండొచ్చు.

పాళీ మారే పది నిమిషాలను దగ్గరగా చూస్తే విషయమంతా అందులోనే ఉంటుంది. సాంచెల మోతలో మాట వినబడదు. వేళ్లతో సైగలే. దిగిపోయేవాడు మెడ మీది తుండుతో ముఖం తుడుచుకుంటూ, తన కింద ఉన్న నాలుగైదు మగ్గాల్లో ఏది మొరాయిస్తోందో చూపుడువేలితో చూపిస్తాడు. ఎక్కేవాడు ముందు గుడ్డ మీద అరచెయ్యి పెట్టి నిమురుతాడు. పడుగులో ఒక పోగు తెగి ఉంటే నేసిన గుడ్డలో సన్నటి గీత పడుతుంది. కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. గీత దొరికితే మగ్గం ఆపి, పోగు వెతికి, తడిపి, ముడేసి, అచ్చులోంచి లాగి మళ్లీ నడపాలి. ఆ ముడి వేసినంతసేపూ కూలి లేదు, ఎందుకంటే కూలి మీటర్ల లెక్క. పోగు తెగింది ఆరూ యాభైకి. ముడి పడింది ఏడూ అయిదుకి. తెంపినవాడు ఒకడు, ముడేసినవాడు మరొకడు. తాకాను, అంటే నేసిన గుడ్డ తానును, మడతపెట్టేచోట లోపం బయటపడి కూలి కోస్తే అది ఎవరి ఖాతాలో పడాలి?

ఈ చిన్న తగాదాకు మన తత్త్వశాస్త్రంలో పెద్ద పేర్లున్నాయి. చేసింది నశించిపోవడం కృతనాశం. చెయ్యనిది నెత్తిన పడటం అకృతాభ్యాగమం. కర్మ సిద్ధాంతాన్ని ఒప్పుకున్న ఏ దర్శనమైనా ఈ రెండు దోషాలూ తనకు తగలకుండా చూసుకోవాలి. ఆత్మ క్షణక్షణం మారిపోయేదైతే నిన్న చేసినవాడు వేరు, నేడు అనుభవించేవాడు వేరు అవుతాడు కదా అని బౌద్ధులను ఇతరులు నిలదీసింది ఈ మాటలతోనే. మగ్గం దగ్గర ఇది ఊహ కాదు. నిజంగానే పన్నెండు గంటలకోసారి కర్త మారిపోతాడు, గుడ్డ మారదు. పగటివాడి తప్పుకు రాత్రివాడి కూలి కోస్తే రెండు దోషాలూ ఒకే చీటీ మీద పడ్డట్టు.

ధర్మశాస్త్రం ఈ సమస్యను వ్యవహారంగా చూసింది. పద్దెనిమిది వివాద విషయాల్లో ఒకదాని పేరు సంభూయసముత్థానం. అంటే పలువురు కలిసి ఒక పని ఎత్తుకోవడం. వర్తకుల భాగస్వామ్యం, పనివాళ్ల జట్టు, యజ్ఞం చేయించే ఋత్విక్కులు అందరూ ఈ శీర్షిక కిందికే వస్తారు. యాజ్ఞవల్క్య స్మృతికి కల్యాణి చాళుక్యుల ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో తిక్కన శిష్యుడు కేతన విజ్ఞానేశ్వరీయం పేరిట తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. భాగాల పంపకం లాంటి పొడి విషయాన్ని తెలుగులో పద్యం కట్టాలనుకున్న కవి ఉన్నాడంటే, ఆ తగవులు అప్పటి రచ్చబండల మీద ఎంత మామూలో ఊహించుకోవచ్చు.

మనువు దీనికి యజ్ఞదక్షిణనే కొలమానంగా తీసుకున్నాడు. సోమయాగంలో ఋత్విక్కులు పదహారుగురు. హోత, అధ్వర్యుడు, బ్రహ్మ, ఉద్గాత ముఖ్యులు. వీళ్ల వెనక నలుగురు, వాళ్ల వెనక మరో నలుగురు, చివర ఇంకో నలుగురు. మొదటి వరుసకు పూర్తి భాగమైతే రెండోవాళ్లకు అందులో సగం, మూడోవాళ్లకు మూడో వంతు, నాలుగోవాళ్లకు నాలుగో వంతు. వంద ఆవులు దక్షిణైతే వ్యాఖ్యాతలు లెక్క కట్టి చూపిస్తారు. ముఖ్యులకు తలా 12, తర్వాతివాళ్లకు తలా 6, ఆపైవాళ్లకు 4, చివరివాళ్లకు 3. మొత్తం 48, 24, 16, 12 కలిపి వంద సరిపోతుంది. కలిసి పనిచేసే మనుషులెవరైనా ఈ పద్ధతిలోనే పంచుకోవాలని మనువు ముగింపు. గమనించవలసింది నిష్పత్తి కాదు. చివరి వరుసలోని గ్రావస్తుత్తు చేసే పని ఎంత చిన్నదైనా అతను లేకపోతే యాగం పూర్తి కాదు. అయినా అతనికి మూడు ఆవులే. పని పూర్తికావడానికి అవసరం కావడం వేరు, భాగం పెద్దది కావడం వేరు అని శాస్త్రం మొహమాటం లేకుండా ఒప్పుకుంది.

మధ్యలో దించేసినవాడి సంగతీ అక్కడే ఉంది. దక్షిణ అందకముందే ఋత్విక్కు పని వదిలేస్తే చేసినంతకు తగ్గ భాగం సాటివాళ్లు ఇవ్వాలి. దక్షిణ పుచ్చుకున్నాక వదిలితే మొత్తం అతనిదే, కాని మిగిలిన పనిని ఇంకొకరి చేత తనే చేయించాలి. కౌటిల్యుడు ఇంకా ముక్కుసూటి. జట్టుగా కూలికి కుదిరినవాళ్లు ముందు అనుకున్న ప్రకారం పంచుకోవాలి, ఏమీ అనుకోకపోతే సమానంగా పంచుకోవాలి. ఒంట్లో బాగానే ఉండి మొదలుపెట్టిన పనిని విడిచిపోతే 12 పణాల జరిమానా. జబ్బుపడ్డవాడికి ఆ జరిమానా లేదు. స్మృతికర్త బృహస్పతి శిల్పుల జట్టులో నేర్చుకునేవాడికి ఒకటి, తెలిసినవాడికి రెండు, నేర్పరికి మూడు, ఆచార్యుడికి నాలుగు భాగాలన్నాడు. నర్తకుల బృందంలో తాళజ్ఞుడికి ఒకటిన్నర, పాడేవాళ్లకు సమానం. తాళం వేసేవాడి విలువ గుర్తించిన శాస్త్రకారుడు రసికుడే అయివుండాలి.

ఇంతవరకూ శాస్త్రం పంచింది కూలిని. ఆవులు, పణాలు, మీటర్లు, గజాలు అన్నీ ముక్కలయ్యే వస్తువులే. ఫలం సంగతి వచ్చేసరికి, వేదవిధుల అర్థాన్ని తర్కించే మీమాంసకులు పూర్తిగా వేరే దారి పట్టారు. వాళ్ల వాదానికి కేంద్రం సత్రమనే యాగం.

మామూలు యాగంలో యజమాని ఒకడు, ఋత్విక్కులు వేరు. యజమాని దక్షిణ ఇస్తాడు, ఫలం తీసుకుంటాడు. సత్రంలో అలా కాదు. తక్కువలో తక్కువ పదిహేడుగురు, ఎక్కువైతే ఇరవైనాలుగు మంది కలిసి కూర్చుంటారు. పదహారుగురు ఋత్విక్కుల పనులు తామే పంచుకుంటారు, ఒకరు గృహపతిగా ఉంటారు. అందరూ యజమానులే. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకరే కనుక దక్షిణ లేదు. ఇక్కడే మీమాంసా సూత్రకారుడు జైమిని ప్రశ్న వేశాడు. స్వర్గమో సమృద్ధో కోరి పదిహేడుగురు ఈ యాగం చేస్తే, ఒక్కొక్కరికి దక్కేది పదిహేడో వంతా, లేక పూర్తి ఫలమా?

పదిహేడో వంతు అన్నది చూడగానే న్యాయంగా తోస్తుంది. ఒకడు సోమలత దంచాడు, ఒకడు సామం పాడాడు, ఒకడు నోరు మెదపకుండా కూర్చుని తప్పులు కనిపెట్టాడు. ఎవరూ యాగమంతా చెయ్యలేదు. కాని మీమాంస తీర్పు పూర్తి ఫలమే, ప్రతి ఒక్కరికీ. ఫలాన్ని కోరినవాడు ఈ పని చెయ్యాలని వేదం విధించినప్పుడు, ఆ విధి కోరిన ప్రతివాడికీ విడివిడిగా వర్తిస్తుంది. కోరిక సగంగా ఉండదు, కర్తృత్వమూ సగంగా ఉండదు. పక్కనున్న పదహారుగురు అతని యాగానికి సాధనాలు, అతను వాళ్ల యాగానికి సాధనం. మామిడిపళ్ల గంప నలుగురు మోసుకొస్తే పళ్లు పంచుకోవలసిందే. నలుగురు కలిసి దారికి అడ్డం పడ్డ బండను దొర్లిస్తే మాత్రం ఎవరికీ పావు దారి రాదు. నలుగురూ పూర్తి దారిన నడుస్తారు. సత్రఫలం రెండో రకానిదని మీమాంసకుల అభిప్రాయం.

పాపం విషయంలో ధర్మశాస్త్రం ఇదే మాటను ఇంకా గట్టిగా పట్టుకుంది. నలుగురు కలిసి ఒకణ్ని కొడితే దెబ్బలకు విధించిన దండన నాలుగు ముక్కలు కాదు. ఒక్కొక్కరికీ పూర్తిగా, పైగా రెట్టింపు పడుతుందని యాజ్ఞవల్క్యుడూ కౌటిల్యుడూ ఇద్దరూ చెప్పారు. గుంపులో చెయ్యి కలిపినవాడు తన దెబ్బ ఒక్కటే కదా అనుకోవడానికి వీల్లేదు. పుణ్యం పంచితే తరగనట్టే పాపం కూడా పంచితే తరగదు. లెక్కల మాస్టారికి ఇది నచ్చకపోవచ్చు. కాని మూకదాడుల వార్తలు చదివే పాఠకుడికి రెట్టింపు ఎందుకో వివరించనక్కర్లేదు.

కర్తృత్వం మీద భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం మరో కోణం చూపిస్తుంది. ఏ పనికైనా కారణాలు అయిదు. పనికి ఆధారమైన చోటు, కర్త, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, చివరిది దైవం. వీటిలో కర్త ఒకటి మాత్రమే. నేనొక్కణ్నే చేశాననుకునేవాడికి చూపు సరిగా లేదని అక్కడి మాట. సాంచె దగ్గర ఈ అయిదూ వేలుపెట్టి చూపించవచ్చు. షెడ్డు, కార్మికుడు, మగ్గం, నాడె తిరుగుడు, మధ్యాహ్నం పోయి ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు. రన్నింగ్ బ్యాక్ కూడా ముందున్న బలమైన వరుస దారి చీల్చకపోతే మూడు గజాలు పోలేడు. స్కోరు పుస్తకంలో వాళ్ల పేరిట గజాలుండవు.

లెక్కలోకి రాని ఈ భుజాల గురించి నేతపనివాళ్ల ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పాలి. పోచంపల్లి పట్టుచీరకు ఆసు పోయాలంటే అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ పోగును తిప్పుతూ ఒక్క చీరకే దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడించాలి. ఆ పని ఇంట్లో ఆడవాళ్లది. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు తరతరాల పాటు చీర నేసినవాడు మగ్గంలో కూర్చున్న మగవాడే అని లోకం లెక్క. కండెలు చుట్టిన అత్త, ఆసు పోసిన భార్య మనువు లెక్కలో నాలుగో వరుసకు కూడా ఎక్కలేదు. సత్రం నియమం ప్రకారమైతే ఆ చీర ముగ్గురిదీ, ముగ్గురికీ పూర్తిగా.

ఇక్కడ ఒక మోసానికి తావుంది. ఫలం అవిభాజ్యం అన్న మాట, కర్త నువ్వొక్కడివే కాదు అన్న మాట, రెండూ యజమాని నోట్లో పడితే వేరే అర్థం వస్తుంది. పని భగవంతుడిది, ఫలం ఆశించకు, మీటర్ల గొడవ ఎందుకు అని కూలివాడికి గీత చెప్పే శేఠ్‌లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు. కూలి లెక్క వదులుకోమని శాస్త్రం ఎవరికీ చెప్పలేదు. దక్షిణ ఉన్నచోట మూడు ఆవుల దాకా లెక్క కట్టింది. దక్షిణ లేని సత్రంలో మాత్రమే ఫలం అందరికీ పూర్తి అంది. రెండు పద్దులు వేరు వేరు పుస్తకాల్లోవి. ఇవతలి పుస్తకంలో ఇవ్వవలసిన కూలిని అవతలి పుస్తకంలో పుణ్యంగా జమ వేయడం మీమాంస కాదు, ఎగవేత. దీనికి ఎదురు పొరపాటూ ఉంది. జట్టు గెలిచాక నా గజాలు తక్కువయ్యాయని ఏడ్చేవాడు పంచనక్కర్లేని దాన్ని గజాల్లో కొలుస్తున్నాడు. అయితే మొదటి పొరపాటు వల్ల ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది, రెండోదాని వల్ల నిద్ర మాత్రమే పోతుంది. రెండింటినీ ఒకే గాటన కట్టడం కుదరదు.

సూరత్‌లోనే ఈ రెండు పద్దులూ తలకిందులైన మోతలు కూడా కనిపిస్తాయి. జైనుల్లో మూర్తిపూజకులు రథయాత్రలో, పల్లకిలో సేవకు బోలీ పాడతారు. వేలంలో ఎక్కువ పాడినవాడికే ఆ అవకాశం. పాత లెక్కలో ఎన్ని మణుగుల నెయ్యి అని పాడేవాళ్లు. ఆ సొమ్ము దేవద్రవ్యంలోకి పోతుంది. కూలి మోతలో మోసినవాడికి డబ్బు ఇస్తారు, పుణ్యపు మోతలో మోసేవాడే డబ్బు కడతాడు. భుజం అదే, బరువూ కొంచెం అటూ ఇటూగా అంతే.

పార్సీలకు సూరత్ పాత స్థావరం. వాళ్ల శవవాహకులను నస్సేసాలార్లంటారు. మృతదేహాన్ని ఒక్కడు మోయకూడదన్నది వాళ్ల మతగ్రంథం వెందిదాద్‌లోని కఠిన నియమం. ఒంటరిగా మోసినవాడికి అంటుకున్న మైల ఇక పోదని దాని మాట. అందుకే వాళ్లు ఎప్పుడూ జంటగా నడుస్తారు, ఇద్దరి మధ్య పైవంద్ అనే తెల్లగుడ్డ పట్టుకుంటారు. పాపం పంచితే తరగదన్న ధర్మశాస్త్రానికి ఇది అచ్చంగా ఎదురు. ఇక్కడ ప్రమాదకరమైనదాన్ని ఇద్దరు పంచుకుంటేనే భరించగలరు, ఒక్కడైతే మునిగిపోతాడు. కోవిడ్ కాలంలో అంత్యక్రియల మీద వచ్చిన ప్రభుత్వ నిబంధనలు ఈ పద్ధతికి అడ్డొచ్చాయి. సూరత్ పార్సీ పంచాయత్ బోర్డు గుజరాత్ హైకోర్టుకు వెళ్లింది. 2021 జులైలో అక్కడ పిటిషన్ కొట్టేశారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరాక, 2022 ఫిబ్రవరిలో ఇరుపక్షాలూ ఒప్పుకున్న సవరించిన పద్ధతికి కోర్టు ఆమోదం తెలిపింది. శవాన్ని ఎవరు మోయాలన్నది ఆ సమాజానికి ఏర్పాటు విషయం కాదని, విశ్వాసానికి మూలమని ఆ వివాదంతో బయటివాళ్లకూ తెలిసొచ్చింది.

మిగిలింది బదులు నిలిచేవాడి విషయం. సత్రం మధ్యలో పదిహేడుగురిలో ఒకడు చనిపోతే ఏం చెయ్యాలి? మామూలు యాగంలో యజమానికి ప్రతినిధి ఉండడు. సత్రంలో మాత్రం మిగతావాళ్ల యాగం ఆగిపోకూడదు కనుక సంఖ్య నింపడానికి ఇంకొకణ్ని తెచ్చుకోవచ్చని మీమాంసకులు ఒప్పుకున్నారు. వచ్చినవాడు దీక్ష తీసుకోవాలి, యజమాని పాటించే నియమాలన్నీ పాటించాలి. ఫలం మాత్రం అతనికి రాదు. ఫలం కోరి ఆరంభంలో సంకల్పం చెప్పుకున్నవాళ్లకే అది. చివరి భుజం ఎంత బరువు మోసినా మొదటి మాట అతనిది కాదు. ఆ తర్కం లోపల్లోపల సరిగానే ఉన్నా, వినేవాడికి మింగుడుపడదు.

గుడ్డల మిల్లుల్లో ఇలాంటివాణ్ని బదిలీవాడంటారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఈ మాటను ఉన్నదున్నట్టు తీసుకుంది. మస్టర్ రోల్‌లో ఇంకొకరి పేరుండగా వాళ్ల చోట పనిచేసేవాడు బదిలీ కార్మికుడు. లేఆఫ్ ఇచ్చినప్పుడు పర్మినెంటువాళ్లకు వచ్చే సగం జీతం పరిహారం అతనికి రాదు. ఇంతవరకూ చట్టం జైమిని పక్షమే. అయితే అక్కడే ఒక మినహాయింపు పెట్టింది. ఏడాది పాటు ఎడతెగకుండా పనిచేస్తే ఆ విషయంలో అతన్ని బదిలీవాడిగా లెక్కించరు. సంకల్పం చెప్పుకోకపోయినా, మోత తగినంత కాలం మోస్తే అతనూ సత్రంలో కూర్చున్నవాడే అవుతాడు. పరిహారం నియమాలు 50 మందికి తక్కువున్న చోట వర్తించవు. సూరత్ మగ్గాలలో చాలా భాగం చిన్న చిన్న షెడ్లలోనే ఉన్నాయి. అక్కడ జ్వరంతో పడుకున్న పగటివాడి బదులు నిలబడ్డవాడి మీటర్లు ఎవరి పేరిట రాయాలన్నది, పాళీ మారే పది నిమిషాల్లో, సాంచెల మోతలో, ఇద్దరి మధ్య వేళ్ల సైగలతోనే తేలుతుంది.